దేవుడొక్కడే, పటాలు తొమ్మిది

నిన్న పక్కింటి గుమ్మానికి వేపమండ కట్టి ఉండటం చూసి నా చిన్నప్పటి తప్పు మళ్లీ గుర్తొచ్చింది. మన ఈడువాళ్లకు వేరే చెప్పాలా, ఆ ఇంట్లో ఎవరికో అమ్మవారు పోసిందని, తాలింపు కూడా వెయ్యరని!

తొంభైల చివర, ప్రత్తిపాడు దగ్గర మా ఊళ్లో, మిరపకాయల బస్తాల పక్కనే మా దేవుడిగూడు. రోజూ రాముడి నుంచి పొక్కుల తల్లి పోలేరమ్మ దాకా తొమ్మిది పటాలకూ హారతివ్వడం నా పని. ఒక వారం భజనకొచ్చిన స్వామి "దేవుడొక్కడే, అందరూ ఆయన రూపాలే" అన్నాడు. బద్ధకస్తుడికి అంతకంటే ఏం కావాలి? రాముడికొక్కడికే హారతిచ్చి, "మిగతావాళ్లు సర్దుకోండి" అనేశాను. మిగిలిన కర్పూరాన్ని పళ్లెంలో నీళ్ల మీద వదిలి పడవలాట ఆడాను. మీరూ ఆడే ఉంటారు, బుకాయించకండి.

మూడోనాడు చెల్లికి ఒళ్లంతా పొక్కులు. దాని మూలుగు వినలేక నాయనమ్మకు అంతా చెప్పేశాను.

"దేవుడొక్కడేగా నాయనమ్మా?"

"ఒక్కడేరా సన్నాసీ! ఆ ముక్క పోలేరమ్మకెవరు చెప్పారు?"

కొడుతుందనుకున్నాను. ఆవిడ గబగబా వెళ్లి పోలేరమ్మ పటం ముందు అగ్గిపుల్ల గీసింది. మూడు పుల్లలు ఆరిపోయాయి. నాలుగోది వెలిగాక హారతిచ్చి, నాకంటే ముందు తనే లెంపలేసుకుంది.

చెల్లి బతికింది. దేవుడొక్కడేనని ఇప్పటికీ నమ్ముతాను. హారతి మాత్రం ముందు పోలేరమ్మకే.