తీగకు గుచ్చిన మూతలు

ఆ మిల్లులో ఆమెను అందరూ అజాగ్రత్తమ్మ అంటారు. కన్నవాళ్లు పెట్టిన పేరు కాదు, మేనేజరు పుణ్యమా అని వచ్చిన పేరు.

బట్టలకు రంగులద్దే మిల్లు అది. అందులో మందుల గోదాము ఆమె బాధ్యత. యాసిడ్లు, సోడాలు, బట్టను తెల్లబరిచే పెరాక్సైడు, ఏదైనా ఆమె చేతుల మీదుగానే లోపలికి రావాలి, బయటికి పోవాలి. ఒకదానికొకటి పడని మందుల్ని డబ్బాల రంగు చూసి గుర్తుపట్టి, పడని తోడికోడళ్లను విడదీసినట్టు, చెరో గోడకు సర్దుతుంది. అలాంటి మనిషికి ఆ పేరెలా వచ్చిందో చెప్పాలి.

వెనకటికి ఒకసారి సూపర్‌వైజరు పెద్ద క్యానులోని యాసిడ్‌ను తాగేనీళ్ల సీసాల్లోకి ఒంపించాడు. సెక్షన్లకు పంచడానికి వేరే డబ్బాలు కొనడం దండగన్నాడు. మూత సరిగ్గా పట్టని సీసా ఒకటి ఆమె ఎత్తగానే ఒలికి, ముంజేయి కాలిపోయింది. మర్నాడు పనివాళ్లందర్నీ నిలబెట్టి, కట్టు కట్టిన చేతితోనే ఆమెను ముందుకు పిలిచి, "నా అజాగ్రత్త వల్లే జరిగింది" అని చెప్పించాడు మేనేజరు. యాసిడ్ నీళ్ల సీసాలోకి ఎలా వచ్చిందని అక్కడ ఎవరూ అడగలేదు. ఆమె కూడా అడగలేదు. తల వంచుకుని చెప్పమన్నది చెప్పింది. ఉద్యోగం నిలిచింది. పేరు కూడా నిలిచింది.

ఆ రోజు నుంచి ఆమెకు మూతల పిచ్చి పట్టుకుంది. గోదాములో ప్రతి మూతనీ మణికట్టు నొప్పెట్టేదాకా బిగించేది. ఇంట్లోనూ అంతే. పక్క వాటాలో ఉండే చెల్లెలు చేబదులుకని వచ్చి విసుక్కునేది.

"అక్కా, నీ ఉప్పు డబ్బా తెరవాలంటే మీ మరిదిని పిలుచుకురావాలే!"

"పిలుచుకురా. ఒలికితే నువ్వు ఎత్తుతావా?"

"ఉప్పే కదే, యాసిడ్ కాదుగా!"

ఆ చెల్లెల్ని తనే మేనేజరును బతిమాలి గోదాములో పనికి పెట్టించింది. తనకు తెలిసిన విద్య తనే నేర్పింది: బిగించు, ఇంకా బిగించు.

పెరాక్సైడు క్యాన్లు మాత్రం ఆమెకు మొదట్నుంచీ కంట్లో నలుసే. వాటి మూతల నడుమ బొడ్డులా ఒక బిళ్ళ, దానికి సన్నటి రంధ్రం. రంధ్రమున్న మూత కూడా ఒక మూతేనా? ఒకసారి సరుకు కొనేవాళ్లు మిల్లు చూడటానికి వచ్చిన రోజున క్యాను ఒకటి పక్కకు ఒరిగి, ఆ రంధ్రంలోంచి నేలంతా కారింది. సూపర్‌వైజరు కస్సుమన్నాడు.

"ఈ బొక్క మూతలేంటి? ఎవడు పడితే వాడు పాడైన సరుకు అంటగడుతున్నాడు. అన్నీ తీసేసి గట్టి మూతలెయ్యి. సరిగ్గా బిగించకపోయావో, ఈసారి గేటు బయటే నీ ఉద్యోగం!"

ఆమెకు కోపం రాలేదు సరికదా, ప్రాణం కుదుటపడింది. పాత మూతలన్నీ తీసి, కొత్తవి శక్తికొద్దీ బిగించింది. మూతను పారేయడానికి ఆమెకు చెయ్యి రాదు. అందుకని తీసినవన్నీ ఒక ఇనపతీగకు గుచ్చి తలుపు వెనక తగిలించింది. ఆ తర్వాత క్యాన్లు ఎన్నొచ్చినా అదే పద్ధతి. తీగ బరువెక్కుతూ పోయింది.

ఆ మందు ఊరికే నిలవ ఉంచినా లోపల గాలి పుట్టిస్తూనే ఉంటుందనీ, వేడి తగిలినా తుప్పో మట్టో పడినా మరింత పుట్టిస్తుందనీ, అది బయటికి పోవడానికే ఆ రంధ్రమనీ ఆమెకు చెప్పిన పాపాన ఎవరూ పోలేదు.

ఎండలు ముదిరాయి. గోదాము రేకుల కింద పెనంలా కాలుతోంది. మధ్యాహ్నం భోజనం చేసి వచ్చిన చెల్లెలు మూలనున్న క్యానును చూసి నవ్వింది.

"అక్కా, ఇది కడుపుతో ఉన్నట్టుందే! పక్కలు చూడు, ఎలా ఉబ్బాయో. కాస్త మూత వదులు చేస్తా."

అక్క వెనక్కి తిరిగేలోపే క్యాను పేలింది. మందు చెల్లెలి ముఖం మీద, కుడికంట్లో పడింది. అక్క నీళ్ల గొట్టం లాగి, అంబులెన్సు వచ్చేదాకా ఆ కంట్లో నీళ్లు పోస్తూనే ఉంది. చెల్లెలి కేకలకు సెక్షనంతా పరుగెత్తుకొచ్చింది. అందరిలో చివర వచ్చింది సూపర్‌వైజరు.

ఆస్పత్రికి మేనేజరు పళ్లసంచితో వచ్చాడు. మంచం పక్కన కూర్చోలేదు, నిలబడే మాట్లాడాడు.

"తన అజాగ్రత్తేనని ఈవిడ ఒప్పుకుంటే కంటి వైద్యం మిల్లే చూసుకుంటుంది, పనిలో కూడా ఉంచుతాం. లేదంటే మీ దారి మీది." అక్క వైపు తిరిగాడు. "నీకు అలవాటేగా. ఎలా చెప్పాలో మీ చెల్లెలికి నువ్వే నేర్పు."

అతను గుమ్మం దాటాక చెల్లెలు కట్టు కింద నుంచి మాట్లాడింది.

"నేర్పవే. తల వంచుకుని చెప్పాలా, ఏడుస్తూ చెప్పాలా? నీకు బాగా తెలుసుగా."

"అది కాదే..."

"ఏది కాదు? ఆ రోజు నువ్వు ఒక్క మాట అడిగుంటే ఇవాళ నా కన్ను నాకుండేది. నా ఎదురుగా కూర్చోకు. లే. వెళ్లు."

అక్క లేచి బయట వరండాలో కూర్చుంది. సంచిలోని పళ్లు ఎవరూ ముట్టలేదు.

మర్నాడు కొత్త లోడు వచ్చింది. దించుతున్న లారీ డ్రైవరు గోదాములోని క్యాన్లు చూసి బిత్తరపోయాడు. "అక్కా, వీటి మూతలు ఎవరు మార్చారు? ఆ రంధ్రం మూస్తే దాని పీక నొక్కినట్టే కదా! పేలక ఏం చేస్తుంది?"

ఆమె గోడకు ఆనుకుని కూర్చుంది. పీక నొక్కింది తన చేతులే. నిజం చెబితే మేనేజరుకు కావలసిన దోషి తనే దొరుకుతుంది. చెప్పకపోతే చెల్లెలు ఆ మాట నెత్తిన వేసుకుని, ఒంటికంటితో అదే గోదాములోకి రావాలి. ఇంకో అజాగ్రత్తమ్మ తయారవుతుంది. కాసేపటికి ఆమె లేచి, తలుపు వెనక తీగ తీసి భుజాన వేసుకుని, అడగకుండానే మేనేజరు గదిలోకి నడిచింది. సూపర్‌వైజరు అక్కడే ఉన్నాడు.

"ఆ మూత బిగించింది మా చెల్లి కాదు. నేను."

"ఇంకేం, ఒప్పుకుంది!" అన్నాడు మేనేజరు.

"ఇంకా అవలేదు సార్." తీగను బల్ల మీద పడేసింది. మూతలు గలగలమన్నాయి. "ఇవి క్యాన్లతో వచ్చినవి. తీసెయ్యమన్నది ఈయన. బిగించకపోతే గేటు బయటే అన్నది ఈయన. ఆ క్యానుకు గాలి ఆడాలని నాకు చెప్పిందెవరు? చెప్పినవాణ్ణి చూపించండి, వెళ్లిపోతా."

సూపర్‌వైజరు మండిపడ్డాడు. "అన్నీ నోటితో చెప్పాలా? క్యాను మీద లేబుల్ ఉంది, రంధ్రం మూయకూడదని అందులో అచ్చేసే ఉంది!"

"నాకు చదువు రాదని తెలిసే పనిలో పెట్టారు. అయితే మీరు చదివారన్నమాట. చదివే మార్చమన్నారా?"

అతను మేనేజరు వైపు చూశాడు. మేనేజరు గోడ వైపు చూశాడు. కిటికీ బయట గుమిగూడిన పనివాళ్లు చూపు తిప్పుకోలేదు.

అక్కాచెల్లెళ్లిద్దరికీ ఆ పూటే పని పోయింది. వైద్యం మిల్లు చేయించడం లేదు. అక్క ఆ తీగను బల్ల మీంచి తీసుకుపోయి ఫ్యాక్టరీల తనిఖీ ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చింది, తీగ ఇప్పుడు అక్కడే ఉంది. త్వరలో విచారణ. చెల్లెలి కుడికంటికి వెలుతురు తప్ప ఏమీ తెలియదు. కంట్లో మందు చుక్కలు అక్కే వేస్తుంది. చెల్లెలు వేయించుకుంటుంది, మాట మాత్రం మెత్తబడలేదు. "సీసా మూత చచ్చేలా బిగించకు, రేపు నేను తీసుకోలేను," అంటుంది ముఖం తిప్పుకుని. అక్క మూత కాస్త వదులు చేసి, దగ్గరగా పెట్టి వెళుతుంది.

చదివేవాళ్లను నేను అడిగేది ఇదే. రేపు మీ పనిచోట ఒకసారి గోదాములోకి వెళ్లండి. తాగేనీళ్ల సీసాలో ఇంకేదైనా కనిపిస్తే గొడవ చెయ్యండి. క్యానుతో వచ్చిన మూత మారితే ఎందుకు మార్చారని నిలదీయండి. లేబుల్ చదవడం వచ్చినవాళ్లు రానివాళ్లకు చదివి వినిపించండి, అది మీ పని కాదని చేతులు దులుపుకోకండి. ఉబ్బిన క్యాను కనిపిస్తే మూత జోలికి పోకుండా అందర్నీ దూరం జరిపి, తెలిసినవాళ్లను పిలిపించండి. ఇక కట్టు కట్టిన చేతితో ఎవరినైనా ముందు నిలబెట్టి "నా అజాగ్రత్త" అనిపిస్తుంటే, దయచేసి కిటికీ బయట నిలబడి చూడకండి. లోపలికి వెళ్లి ఆ మనిషి పక్కన నిలబడండి. ఆ మూత ఆమె చేతికి ఎవరిచ్చారో గట్టిగా అడగండి.