మునస్వామన్న చెవుల లెక్క

ఈ ఉదయం వాకిట్లో కూర్చుని పేపరు చదువుతుంటే కొండకు పోయే పాత డీజిల్ బస్సు ఒకటి మా వీధి చివర గేరు మార్చింది. ఆ మూలుగూ, వెనకే గాలిలో నిలిచిపోయిన పొగ వాసనా నన్ను పేపరు మడిచేలా చేశాయి. ఇప్పుడు అలిపిరి వైపు కరెంటు బస్సులు చాలా తిరుగుతున్నాయి. అవి పక్కన వచ్చి నిలబడినా తెలియదు. అవి కొత్తగా వచ్చినప్పుడు మా పక్కింటి మునస్వామన్న నడుము మీద చేతులు పెట్టుకుని, ఒక బస్సు పోయేదాకా చూసి, వీధంతా వినపడేలా అన్నాడు: "సప్పుడు లేని బస్సు, సెవుడు రాని డ్రైవరు! ఇదేం ఉద్యోగమప్పా?"

ఆయన పోయి ఏడాది దాటింది. కొండ బస్సు నడిపి రిటైరైన మనిషి. చిత్తూరులో గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేసిన నాకు, అరవై దాటిన తరువాత ఒక గురువు దొరుకుతాడని, ఆయన లుంగీ కట్టుకుని గోడ అవతల ఉంటాడని అనుకోలేదు. మా రెండిళ్ళకూ మధ్య గోడ ఒకటే. మేము తిరుపతిలో ఈ ఇంట్లో పాలు పొంగించిన రోజునే ఆయన వచ్చి, నమస్కారం కూడా పెట్టకుండా తన గురించి చెప్పుకున్నాడు.

"నా పేరు మునస్వామి. కొండ బస్సు డ్రైవర్ని. ఇంజను పక్కన కూసోని కూసోని ఎడం సెవి పూర్తిగా పోయింది. కుడిది దానిష్టం, ఉంటే ఉంటాది, లేకుంటే లేదు. నాతో ఏం చెప్పాలన్నా నా మొగం చూసి చెప్పండి సారూ."

నాకు ఆయన తరఫున సిగ్గేసింది. ఉన్న లోపాన్ని ఇలా గుమ్మంలోనే పరిచి చూపించేవాళ్ళను నేనెరగను. నా పద్ధతి వేరు. నాకు కూడా అప్పటికే మాటలు సగం సగం అందుతున్నాయి. ఎదుటివారు నవ్వితే నవ్వేవాడిని, ఆగితే తల ఊపేవాడిని. కాలనీ సంఘం మీటింగులకు మినిట్సు రాసే పని నాది. ఎవరేం మాట్లాడి ఉంటారో సర్వీసు అనుభవంతో ఊహించి రాసేవాడిని. ఎవరూ తప్పు పట్టలేదు. కారణం తరువాత తెలిసింది, వాళ్ళకూ వినపడలేదు.

మీటింగులు ఎలా జరిగినా నష్టం లేదు. నన్ను కలవరపెట్టింది ఇల్లు. నా భార్య కమల మాటకారి. చిత్తూరులో ఉన్నప్పుడు నేను ఆఫీసు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కునే లోపలే వీధి వార్తలన్నీ పూర్తయ్యేవి. తిరుపతికి వచ్చాక ఆమె మాటలు తగ్గుతూ వచ్చాయి. కాఫీ గ్లాసు పెట్టడం, వెళ్ళిపోవడం. నేనేదైనా అడిగితే జవాబు రాదు. రోజూ డైరీ రాసే అలవాటున్న నేను అందులో "కమల ఈ రోజు కూడా మాట్లాడలేదు, కారణం విచారించాలి" అని రాసుకుని, కారణాలు వరుసగా వేసి చూసుకున్నాను. ఆమె చెల్లెలి గృహప్రవేశానికి పోకపోవడం, ఫ్రిజ్ కొనడం వాయిదా వేయడం. ఫ్రిజ్ కొన్నాను. అయినా మాట్లాడలేదు. ఈ వయసులో ఒకే కప్పు కింద ఇద్దరం మూగవాళ్ళలా ఇలాగే మిగిలిపోతామా అని భయం పట్టుకుంది.

ఒక సాయంత్రం మునస్వామన్న మా తలుపు కొట్టాడు. అంటే చాలాసేపు కొట్టి, చివరికి కిటికీలోంచి చెయ్యి పెట్టి ఊపాడు.

"సారూ, మీ టీవీలో వార్తలు నాకు వినపడతా ఉండాయి."

"అయ్యో, క్షమించండి. తగ్గిస్తాను," అన్నాను.

"తగ్గించమని ఎవరన్నారు? గోడకవతల, ఇంజను తినేసిన సెవులకు వినపడతా ఉండాదంటే, దాని ముందర కూసున్న మీ గతి ఏందని అడగను వచ్చినా!"

నాకు అలాంటిదేమీ లేదని, పాత టీవీ అని చెప్పాను. ఆయన టీవీనొకసారి, నన్నొకసారి చూశాడు. "పాతది టీవీ కాదు," అని వెళ్ళిపోయాడు.

ఆయన దగ్గర ఒక లెక్క ఉండేది. అరవై దాటినవాళ్ళలో చెవులు పూర్తిగా పనిచేసేవాడు అరుదనీ, అది జుట్టు నెరిసినంత మామూలు సంగతనీ ఆయన వాదం. "కండ్లకు అద్దాలు పెట్టుకుంటే చదువుకున్నోడు. సెవికి మిషను పెట్టుకుంటే సెవిటోడు. ఎవురు పెట్టినారప్పా ఈ రూలు?" అనేవాడు. సంఘానికి ఆయనే అధ్యక్షుడు. ఒక ఆదివారం తన ఇంట్లోనే నీళ్ళ సమస్య మీద మీటింగు పెట్టి, మధ్యలో ఉన్నట్టుండి అడిగాడు: "ఈడ సెవులు సరిగా వినపడనోళ్ళు చెయ్యెత్తండి."

ఒక్క చెయ్యి లేవలేదు, ఆయనది తప్ప. నేను ఆ ప్రశ్నను శ్రద్ధగా మినిట్సులో రాసుకుంటున్నట్టు తల వంచుకున్నాను.

ఆయన వెనుక గుమ్మం వైపు తలాడించాడు. అక్కడ నిలబడిన ఆయన భార్య రాజమ్మక్క, వంటింట్లో మాట్లాడే మామూలు గొంతుతో ఏదో అంది. నలుగురైదుగురు కుర్రవాళ్ళు లేచి బయటికి పోయారు. మిగిలిన పెద్దలమంతా, నీళ్ళ సమస్య మీద ఏదో మంచి మాట చెప్పిందన్నట్టు మర్యాదగా తలలు ఊపాం. ఆడవాళ్ళ వరసలో కమల కూడా కదలలేదు. ఇల్లు చాలక ఇక్కడికి కూడా కోపం తెచ్చిందా అనుకున్నాను.

మునస్వామన్న కాసేపు మమ్మల్ని అలాగే ఊపనిచ్చాడు. తరువాత బస్సు మెట్టు మీద నుంచి అరిచినట్టు అరిచాడు: "ఏమబ్బా, మా ఆడామె ఏం చెప్పిందో తెలుసునా? బయట మిరపకాయ బజ్జీలు, కాఫీ పెట్టినాము రాండి అనింది! ఆ పిలకాయలు సగం తినేసినారు!"

అంత వేగంగా మా సంఘం ఏ తీర్మానాన్నీ అమలు చేయలేదు. బజ్జీల దగ్గర ఆయన నా పక్కకు వచ్చాడు.

"మీకు ఆకలి లేదా సారూ, కూసోనే ఉంటిరి?"

"మినిట్సు రాస్తున్నాను."

"బజ్జీల సంగతి రాసినారా?"

నేను బజ్జీ నోట్లో పెట్టుకున్నాను.

ఆ వారంలోనే నన్ను కొండ బస్సు ఎక్కించాడు, దర్శనానికని. ముందు సీట్లో కూర్చోబెట్టాడు. ప్రతి మలుపు దగ్గరా డ్రైవరు హారన్ కొడుతుంటే నా మోకాలి మీద తట్టేవాడు. నాలుగైదు మలుపులయ్యాక నేను విసుక్కున్నాను.

"మలుపవతల ఎవుడు బండి నిలబెట్టుకోనుండాడో మనకు తెలీదు గదా," అన్నాడు. "అందుకని ముందు హారన్, తర్వాతే స్టీరింగు. మీ ఇంట్లో ఏం జరగతా ఉండాదో నేను గోడవతల నుంచి చూస్తానే ఉండాను. మీరు పేపరు సాటునుంచి మాట్లాడతారు. ఆయమ్మ కుక్కరు పక్కనుంచి మాట్లాడతాది. హారన్ లేదు, ఏమీ లేదు. పేరు పెట్టి పిలవండి సారూ. మొగం తిరిగినాక మాట చెప్పండి."

"ఆమెకు వినపడుతుంది. కోపంతో పలకడం లేదు."

"ఓహో," అన్నాడు. కొండ దిగాక, నా చెవుల పరీక్షకు రేపు పోతున్నామని, తోడుగా కమలను కూడా తీసుకురమ్మని నిర్ణయించేశాడు.

పరీక్ష గదిలో చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికి బొత్తాం ఇచ్చారు. శబ్దం వినపడినప్పుడల్లా నొక్కాలి. మొదటి కొన్ని శబ్దాలు వినగానే వాటి మధ్య ఎంత ఎడం ఉందో నాకు పట్టుబడింది. ఆ తరువాత వినపడినా వినపడకపోయినా అదే వరసలో నొక్కుకుంటూ పోయాను. పరీక్ష చేసే అమ్మాయి అద్దం వెనుక నుంచి లేచి నా ముందుకు వచ్చి నిలబడింది.

"తాతా, నేను శబ్దం ఆపేసి చాలాసేపైంది."

బయట మునస్వామన్న నవ్వు నాకు కూడా స్పష్టంగా వినపడింది. కమల నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. చాలా కాలానికి ఆమె నవ్వడం చూశాను. అప్పుడే ఆయన తన పని చేశాడు. "అక్కా, ఎట్లాగూ వచ్చినారు గదా, మీరూ ఒకసారి కూసోండి. ఊరికే."

"నాకేమి? చీమ నడిచినా వినపడతాది నాకు," అంటూ కమల లోపలికి పోయింది. పరీక్ష అయ్యాక అమ్మాయి ఇద్దరి కాగితాలూ పక్కపక్కన పెట్టి చూపించింది. వాటి మీది వినికిడి గీతలు రెండూ కవలపిల్లల్లా ఒకే చోట కిందికి దిగాయి.

ఆటోలో ముందు డ్రైవరు పక్కన మునస్వామన్న ఇరుక్కుని కూర్చున్నాడు. వెనుక మేమిద్దరం. లీలామహల్ కూడలి దాటాక కమల పూర్తిగా నా వైపు తిరిగింది.

"అయితే ఇన్నాళ్ళూ మీరు నాతో మాట్లాడతానే ఉండారా?"

"నువ్వూ మాట్లాడుతూనే ఉన్నావా?"

"అడిగి అడిగి ఇసుక్కోని మానుకుంటి. మీరు నన్ను చూస్తేనే మొగం తిప్పుకుంటా ఉండారనుకుంటి."

"నీకు కోపమనుకుని ఫ్రిజ్ కొన్నాను."

"ఫ్రిజ్ ఎందుకు కొన్నారో నాకు ఇప్పటిదాకా అర్థం కాలేదు!"

ముందు సీటులో మునస్వామన్న వీధి వైపు చూస్తున్నాడు. ఆటో చప్పుడులో ఆయనకు ఒక్క మాటా అంది ఉండదు. అద్దంలో మా ముఖాలు చూశాడేమో మరి, డ్రైవరు భుజం తట్టి, నిదానంగా పోనియ్యమన్నాడు.

ఇప్పుడు మా ఇద్దరికీ మిషన్లున్నాయి. అవి అన్నీ సరిచేయవు. వాటిలో కుక్కరు విజిలు పెరిగినంతగా కమల గొంతు పెరగదు. అందుకని నేను పేపరు పక్కన పెట్టి, లేచి, వంటింటి గుమ్మం దాకా పోయి "కమలా" అని పిలిచి, ఆమె పొయ్యి తగ్గించి నా వైపు తిరిగేదాకా ఆగుతాను. ఆమె తిరిగేసరికి చాలాసార్లు నేను చెప్పదలచుకున్నది మరచిపోయి నిలబడతాను. ఆమె నా ముఖం చూసి, గరిటె పట్టుకునే నవ్వుతుంది.

"గుర్తొచ్చినాక మళ్ళా పిలవండి," అంటుంది. "ఈడనే ఉంటాను."