దేవదానం మాస్టారి బన్ను లేని బర్గర్

కరోనా సద్దుమణిగిన మరుసటి సంవత్సరం. బడులు తెరిచి నెల దాటింది, తెనాలిలో వానలు పట్టుకున్నాయి. అప్పటికి నేను ఇళ్ళలో వంట చేయబట్టి పంతొమ్మిదేళ్ళు. మొదట్లో మామూలు వంటలే చేసేదాన్ని. రానురాను షుగరు ఉన్నవాళ్ళ ఇళ్ళలోనే ఎక్కువ పని దొరికింది. దాన్ని డైట్ వంట అంటున్నారిప్పుడు. ఏ పూట ఏది, ఎంత పెట్టాలో డాక్టరు రాసిచ్చిన కాగితాన్ని ఫ్రిజ్ మీద అంటిస్తారు. అదే డైట్ చార్ట్. నా చదువు నాలుగో తరగతితో ఆగింది గానీ, చార్ట్ ఒక్కసారి చదివి వినిపిస్తే చాలు, మళ్ళీ అడగను.

దేవదానం మాస్టారి సొంతూరు బాపట్ల, కాపురం తెనాలిలో. లెక్కలు చెప్పేవారు. మోకాళ్ళు మొరాయించి రెండేళ్ళు ముందే రిటైరయ్యారు. భార్య సుగుణ టీచరుగారికి అప్పటికింకా ఉద్యోగం ఉంది. పొద్దున్నే రైలెక్కి బాపట్ల వెళ్ళి సాయంత్రం ఐదు దాటాక వచ్చేవారు. ఒక్కతే కూతురు గ్రేస్, విజయవాడలో బ్యాంకులో పని. శనివారం వచ్చి సోమవారం తెల్లవారుజామున వెళ్ళిపోయేది. నేను పదింటికి వెళ్ళి, వంట చేసి, మాస్టారికి పెట్టి, రెండింటికి ఇంకో ఇంటికి పోయేదాన్ని.

మాస్టారు రోజూ భోజనానికి పావుగంట ముందు ఇన్సులిన్ వేసుకునేవారు. అది పెన్నులా ఉంటుంది. ఎన్ని యూనిట్లు కావాలో అంత తిప్పుకుని పొట్ట మీద పొడుచుకోవాలి. తినబోయే తిండికి సరిపడా మందును ముందుగా లోపలికి పంపడమన్నమాట. ఈ సంగతి నాకప్పుడు తెలియదు. సూదీ పథ్యమూ రెండూ ఎంత గట్టిగా ఉంటే రోగికి అంత మంచిదనుకునేదాన్ని.

ఆయనకు చీజ్ బర్గర్ అంటే ప్రాణం. ప్రతి శనివారం కూతురు రెండు తెచ్చేది. డాక్టరు అవి మాన్పించాక ఆయన పళ్ళెం ముందు కూర్చుని కెలకడం మొదలుపెట్టారు. రాగి సంకటి చేస్తే ముట్టరు, గోధుమ రవ్వ చేస్తే సగం వదిలేస్తారు. అప్పుడు గ్రేస్ ఫోనులో ఒక వంట చూపించింది.

"పిన్నీ, డాడీకి శత్రువు బన్ను ఒక్కటే. అన్నం, రొట్టె, బన్ను, ఇవన్నీ కార్బ్స్, లోపలికి వెళ్ళి షుగరైపోతాయి. బన్ను తీసేసి మిగతాదంతా గిన్నెలో వేసి సలాడ్‌లాగా ఇద్దాం."

మాంసం కూర గిన్నెలో పచ్చి ఆకులేంటి అనుకున్నాను. కానీ చేసి చూస్తే బాగానే కుదిరింది. చికెన్ కీమాను ఉప్పు, మిరియాలు, వెల్లుల్లి వేసి ఇనప పెనం మీద పొడిపొడిగా, అక్కడక్కడ ఎర్రగా మాడేలా వేయించాలి. నూనె ఒక చెంచా చాలు. లెట్యూస్ అనే ఆకు తెనాలిలో రోజూ దొరకదు, అందుకని లేత క్యాబేజీ సన్నగా తరిగి చన్నీళ్ళలో వేసి కరకరలాడించేదాన్ని. కీర దోసకాయ చక్రాలు ముందు రోజే వెనిగర్‌లో నానబెట్టి ఉంచేదాన్ని. మయోనైజ్‌కి బదులు గుడ్డలో కట్టి నీళ్ళు వార్చిన పెరుగులో ఆవముద్ద, కొంచెం టమాటా సాస్ కలిపేదాన్ని. కీమా వేడి మీద ఉండగానే చీజ్ తురిమితే అది కరిగి తీగలు సాగుతుంది. వాసన మాత్రం అచ్చం బర్గరే.

మొదటి రోజు గిన్నె ముందు పెడితే మాస్టారు కళ్ళజోడు సర్దుకుని చూశారు.

"ఏంటి రత్నమ్మా ఇది? ఇల్లు కూలి సామాను రోడ్డున పడ్డట్టుంది!"

"తిని చెప్పండి మాస్టారూ."

తిన్నారు. గిన్నె నాకినంత శుభ్రంగా ఇచ్చారు. ఆ మర్నాటి నుంచి గిన్నె పట్టుకుని గదిలోకి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసుకుని, క్రికెట్ చూస్తూ తినడం అలవాటు చేసుకున్నారు. పోనీలే, ఇష్టంగా తింటున్నారు కదా అనుకున్నాను.

టీచరుగారు ఆదివారాలు భోజనమైన రెండు గంటలకు ఆయన వేలు పొడిచి మిషన్‌లో షుగరు చూసేవారు. బన్ను మానేశాక దిగాల్సిన అంకె దిగలేదు. డాక్టరు యూనిట్లు పెంచారు. మళ్ళీ చూశారు, మళ్ళీ దిగలేదు. మళ్ళీ పెంచారు. రెండోసారి పెంచిన రోజున టీచరుగారు వంటింటి గుమ్మంలో నిలబడి, మొహమాటపడుతూనే అడిగారు.

"రత్నమ్మా, ఏమీ అనుకోకు. ఆ సాస్‌లో రుచికని పంచదారేమైనా వేస్తున్నావా?"

"లేదండి టీచరుగారూ. నా పిల్లల మీద ఒట్టండి."

"నిన్ననడం కాదులే అమ్మా. ఎందుకు దిగట్లేదో అర్థం కాక."

ఆ మాట నన్ను పొడిచింది. మా పనిలో చేతివాటం ఉందన్నా ఇంకో ఇల్లు దొరుకుతుందేమో గానీ, పథ్యం తప్పించిందంటే ఎవరూ గడప తొక్కనివ్వరు.

ఆ తర్వాతి సోమవారం మాస్టారి గదిలో చీమల బారు కనబడింది. అది గోడ వెంట పోయి బీరువాలోకి దూరుతోంది. తెరిచి చూస్తే పాత హాజరు పట్టీల వెనక బేకరీ కవరు, అందులో రెండు బన్నులు.

"మాస్టారూ, ఏంటండీ ఇది?"

ఆయన మంచం మీద నుంచే చూశారు. "చీమలకు స్కూలు పెట్టాను. మధ్యాహ్న భోజనం." అని నవ్వారు. నేను నవ్వకపోయేసరికి తల దించుకున్నారు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"నీ సలాడ్ మొదలైన రెండో రోజు నుంచి. రోజుకి రెండు. పొద్దున్నే వాకింగ్ చెయ్యమన్నది డాక్టరే కదా. ఆ దారిలో బేకరీ పెట్టింది నేను కాదు."

"నవ్వులాట కాదండి. సాస్‌లో పంచదార వేస్తున్నానేమోనని టీచరుగారు నన్నడిగారు."

ఆయన మొహం వాడిపోయింది. ఈ మాట ఆయనకు తెలియదు. గొంతు తగ్గించి, "సుగుణకి చెప్పకు రత్నమ్మా. తిడితే పడతాను. అది తిట్టదు, ఏడుస్తుంది. గ్రేస్‌కి తెలిస్తే ఇంకా అన్యాయం, నా కోసం వెతికి వెతికి పట్టుకొచ్చింది ఈ వంట. నీకు మాట రానివ్వను. ఈరోజుతో మానేస్తున్నాను." అన్నారు.

"ఒట్టెయ్యండి."

"బైబిల్ ప్రకారం మేము ఒట్లు వెయ్యకూడదు. అవునంటే అవును, కాదంటే కాదు, అంతే."

"బన్నులు బీరువాలో దాచుకోమని కూడా ఎక్కడా రాసి ఉండదు కదండీ!"

ఈసారి నిజంగానే నవ్వారు. నవ్వు ఆపి, గోడ మీద కూతురి ఫోటో వైపు చూసి, "గ్రేస్ మీద ఒట్టు. ఇక బన్ను ముట్టను. నువ్వు కూడా ఎవరికీ చెప్పనని మాటివ్వు." అన్నారు. ఇచ్చాను.

బన్నులు తీసుకెళ్ళి వీధి కుక్కకు వేసి, చీమల బారు మీద పసుపు చల్లాను. ఆ ఇంటి గుట్టు బయటపెట్టకుండా ఆ ఇంటి రోగాన్ని దారికి తెచ్చానని ఎంత గర్వపడ్డానో చెప్పలేను. పెరిగిన యూనిట్లు ఆ పెన్నులో అలాగే ఉన్నాయి.

మంగళవారం భోజనమైన గంటకు ఆయన గదిలోంచి పిలిచారు. చేతులు చాపి చూపించారు, వేళ్ళు వణుకుతున్నాయి.

"కడుపులో మంటలాగా ఆకలి రత్నమ్మా. ఇప్పుడేగా తిన్నాను!"

"మానేసిన కొత్తలో అంతేనండి. మా ఆయన చుట్ట మానినప్పుడు పది రోజులు గోడలు గీరాడు." అన్నాను. ఇంకాస్త కీమా, దోసకాయ చక్రాలు తెచ్చి పెట్టాను. తిన్నారు.

బుధవారం నేను వెళ్ళేసరికి, ముందు రోజు తలనొప్పితో కళ్ళు బైర్లు కమ్మాయనీ, నాలుగింటికి టీ, మేరీ బిస్కెట్లు పడ్డాక తేరుకున్నాననీ చెప్పారు. ఆ బిస్కెట్లు చార్ట్‌లో ఉన్నవే. బిస్కెట్లతో ఎందుకు తేరుకున్నారని ఒక్క మాట అడగాల్సింది. నేను అడగలేదు. "చూశారా, నెగ్గుకొస్తున్నారు!" అన్నాను.

గురువారం పొద్దుటి నుంచీ ముసురు. గాలి లేదు, ఒళ్ళంతా జిగటగా ఉంది. మాస్టారు సూది వేసుకుని గిన్నె ఖాళీ చేశారు. ఒంటిగంటన్నరకు గిన్నె తీసుకోవడానికి వెళితే మంచం మీద వాలి ఉన్నారు. చొక్కా వీపంతా తడిసింది. నన్ను చూసి, "కరుణక్కా, గొడుగు తెచ్చావా?" అన్నారు. కరుణ ఆయన అక్క, పోయి చాలా ఏళ్ళయింది. మాట కొంచెం ముద్దగా వచ్చింది.

"అయ్యో రాత, నన్ను మీకు అక్కను చేశారా మాస్టారూ!" అని నవ్వాను. ఆయన ఎప్పుడూ అలా ఏదో ఒకటి అంటూనే ఉంటారు. కళ్ళు మూసుకున్నారు. నిద్ర వస్తోందనుకున్నాను. ఫ్యాను పెద్దది చేశాను. నిద్ర చెడకుండా తలుపు చప్పుడు కాకుండా మూశాను. గిన్నెలు కడిగి, రెండింటికి గొడుగు వేసుకుని వెళ్ళిపోయాను.

నాలుగింటి టీకి ఆయన లేవలేదు. ఐదున్నరకు టీచరుగారు వచ్చి లేపితే పలకలేదు.

గుంటూరు ఆసుపత్రిలో షుగరు చూస్తే అడుగంటిందట. గ్లూకోజు ఎక్కించారు. అంకె పైకి వచ్చింది గానీ మనిషి రాలేదు. మర్నాడు పొద్దున్నే నేను టీచరుగారికి బట్టలూ ఫ్లాస్కుతో కాఫీ పట్టుకుని వెళ్ళాను. ఐసీయూ బయట డాక్టరు ఆమెతోనూ గ్రేస్‌తోనూ మాట్లాడుతున్నాడు.

"ఈ వారంలో ఆయన తిండిలో ఏమైనా మారిందా అమ్మా?"

"లేదండి. నెలన్నరగా అదే తిండి." అన్నారు టీచరుగారు.

"ఆ సలాడ్ నేనే పెట్టించాను డాక్టర్. దాని వల్లేనా?" అని గ్రేస్ అడిగింది. పిల్ల పెదవులు తెల్లబడిపోయాయి.

నేను ఫ్లాస్కు కింద పెట్టాను. "మారిందండి." అన్నాను.

ముగ్గురూ నా వైపు తిరిగారు. బన్నులు, బీరువా, ఒట్టు, చేతులు వణకడం, కరుణక్కా అనడం, అన్నీ చెప్పాను. డాక్టరు మధ్యలో ఒక్క మాటా అడగకుండా విని, నెమ్మదిగా చెప్పాడు.

"ఆయన దొంగచాటుగా తిన్న బన్నుల్ని చూసే డోసు పెరిగిందమ్మా. బన్నులు ఆగాయి, డోసు ఆగలేదు. ఆ వణుకూ, చెమటా షుగరు పడిపోతోందని ఒళ్ళు చెప్పడం. అప్పుడు నీళ్ళలో నాలుగు చెంచాల పంచదార కలిపి తాగించి వెంటనే తీసుకొచ్చి ఉంటే..." అని ఆగిపోయాడు.

ఆ వంటింట్లో పంచదార డబ్బా పొయ్యి పక్క అరలోనే ఉంటుంది. దాన్ని ఆయనకు అందనివ్వకుండా కాపాడటమే నా పని అనుకున్నాను.

టీచరుగారు నన్ను ఒక్కటే అడిగారు. "సోమవారం నుంచీ తెలుసా నీకు?"

"తెలుసండి."

ఆవిడ బెంచీ మీద కూర్చుండిపోయారు. కాఫీ ఎవరూ తాగలేదు.

మాస్టారు ఎనిమిదో రోజు పోయారు. బాపట్లలో వాళ్ళ చర్చి వెనక సమాధుల దొడ్డిలో పెట్టారు. వాన పడుతుంటే నేను గేటు దగ్గరే నిలబడ్డాను. అందరూ వెళ్ళిపోయాక గ్రేస్ నా దగ్గరికి వచ్చింది. తిడుతుందేమోనని చూశాను, తిడితే బాగుండునని కూడా ఉంది.

"మాకు చెప్పి ఉంటే ఏం చేసేవాళ్ళం పిన్నీ? అమ్మ ఒక పూట ఏడ్చేది. నేను ఫోన్లో నాలుగు మాటలు అనేదాన్ని. అంతేగా?"

ఆ ఇంటికి మళ్ళీ నన్ను పిలవలేదు. పిలిచినా నేను వెళ్ళగలిగేదాన్ని కాదు.

బన్ను లేని ఆ సలాడ్‌లో తప్పేమీ లేదు. ఇప్పటికీ ఎవరైనా అడిగితే చేసి పెడుతున్నాను. ఇన్సులిన్ వేసుకునేవాళ్ళయితే మాత్రం, తిండి మార్చే ముందు డాక్టరుతో మాట్లాడి రమ్మని పంపిస్తాను. రోగి చాటుగా తినేది కూడా చార్ట్‌లో ఉన్నట్టే లెక్క. అది సూది చేతిలో ఉన్నవాళ్ళకి తెలియాలి. తినడం మొదలుపెట్టినా తెలియాలి, మానేసినా తెలియాలి. వంటమనిషి దాచకూడని గుట్టు అదొక్కటే.

ఇప్పుడు రేపల్లెలో మా తమ్ముడి ఇంట్లో ఉంటూ దగ్గర్లో ఒక పెద్దావిడకు వండుతున్నాను. ఆవిడకూ పూటపూటా సూది. మొదటి రోజే చెప్పాను, "అమ్మమ్మగారూ, మీరు ఏం తిన్నా నేను తిట్టను. కానీ మీ కోడలికి చెప్పేస్తాను." అని. ఆవిడ నవ్వి ఊరుకున్నారు. పోయిన నెల దుప్పటి మడతల్లో కొబ్బరి ఉండలు దొరికాయి. నా రెండు చేతులూ పట్టుకుని, "చచ్చి నీ కడుపున పుడతానే, చెప్పకే తల్లీ." అని బతిమాలారు. ఆవిడ చూస్తుండగానే కోడలిని పిలిచి చెప్పాను. ఆ పూటే డాక్టరుకు ఫోను చేశారు. కోడలు కేకలేసింది, కొడుకు కేకలేశాడు, పెద్దావిడ ముసుగు పెట్టి సాయంత్రం దాకా ఏడ్చారు.

అప్పటి నుంచి ఆవిడ నాతో మాట్లాడరు. చుట్టుపక్కలవాళ్ళకు నన్ను చాడీల రత్నమ్మ అని చెబుతున్నారు. నేను పళ్ళెం పెడితే గోడవైపు తిరిగి తింటారు. తిన్నంతసేపూ నేను అక్కడే నిలబడి, ఆవిడ చేతివేళ్ళు చూస్తాను.