పోటీకి రాకపోతే ఓడిపోయినట్టేనట!

డెబ్బైల్లో బెజవాడ గోడల మీద ఫ్రీస్టైల్ కుస్తీ పోస్టర్లు చూసి, అన్నయ్యా నేనూ కొండపల్లి బొమ్మలతో జంట కుస్తీలు పెట్టేవాళ్లం. బెల్టు నా ఎర్ర రిబ్బను. ఏ జంట తర్వాత ఏ జంట ఛాంపియన్లయ్యారో వరస తప్పకుండా అప్పజెప్పేవాళ్లం. అన్నయ్య జంట రాజుబొమ్మనీ ఏనుగునీ పడగొట్టి నా జంట కల్లుగీత మనిషీ కుమ్మరీ బెల్టు గెలిచారు. వేసవిలో వాళ్లను సంచీలో పెట్టుకుని కంకిపాడు, అమ్మమ్మగారింటికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి బెల్టు ఏనుగు మెడలో ఉంది!

"నీవాళ్లు పోటీకి రాలేదుగా. ఓడిపోయినట్టే," అన్నాడు అన్నయ్య.

"ఎవరికి చెప్పి పెట్టావు పోటీ?" అని అరిచాను.

"అన్నయ్యతో అట్లాగేనా మాట్లాడేది?" అని అమ్మ నన్నే కసిరింది.

మొన్న అన్నయ్య మనవళ్లకు ఆ ఛాంపియన్ల వరస చెబుతూ, నా జంట తర్వాత మళ్లీ తన ఏనుగు జంటనే కలిపాడు. అరవై దాటాక కూడా అదే చెబుతున్నాను: గెలవకుండా కట్టుకున్నది బెల్టు కాదు, నా రిబ్బను.