ఇసుర్రాయికి అవతలి చోటు

"గా ఫోన్ల పాట నాది గాదు, తీసెయ్యుండ్రి" అని బోథ్ నుంచి రాజవ్వ ఫోన్ చేసిన మర్నాడే బయల్దేరాను. ఆడవాళ్లు పని చేస్తూ పాడే పాటలు రికార్డు చేసి అందరూ వినేలా ఇంటర్నెట్‌లో పెట్టడం మా పని. అంతకు ముందు పాడినవాళ్లకు ఫోన్లో పంపి వినిపిస్తాం. కరీంనగర్‌లో నేను రికార్డులు సరిచేస్తాను, మంథనిలో సరిత విని రాస్తుంది. ఏ రోజు ఎవరేం చెయ్యాలో పట్టిక గీయకపోతే నాకు నిద్ర పట్టదు. పాట మధ్య ఖాళీలు కత్తిరించాలని, ఆ తర్వాత అసలు రికార్డు చెరిపేయాలని అందులో రాసింది నేనే. సోమవారం పాటలన్నీ విడుదల. రాజవ్వ ఒప్పుకోకపోతే మాకు దొరికిన ఒకే ఒక్క తిరగలి విసురుడు పాట పోయినట్టే.

పొద్దున ఆరింటికి నిర్మల్ బస్సు. ఆడవాళ్లకు ఉచితం కాబట్టి ఆధార్ చూపిస్తే జీరో టికెట్ ఇచ్చారు. జగిత్యాల దాటినా పొలాల మీద మంచు లేవలేదు. నిద్రో మెలకువో తెలియకుండా కిటికీకి తల ఆనించాను.

"పాట కోసం గింత దూరమా బిడ్డా? ఫోన్ల రాదా?" అంది పక్క సీటు పెద్దావిడ.

"ఫోన్ల పెట్టే ఖరాబ్ జేసినమవ్వా" అన్నాను. ఆమె నవ్వి నా చేతిలో జామకాయ పెట్టింది.

గోదావరి దాటి, పదింటికి నిర్మల్‌లో ఉప్మా తిని ఆదిలాబాద్ బస్సెక్కాను. ఘాట్‌లో టేకు చెట్ల నీడలు ఒళ్లోంచి పాకిపోతుంటే ఎందుకు వెళ్తున్నానో కూడా కాసేపు మరిచాను. క్రాస్‌రోడ్డులో దిగి, షేర్ ఆటోలో బోథ్ చేరేసరికి పన్నెండున్నర.

రాజవ్వ గడప దగ్గరే నిలబెట్టింది.

"ఇసుర్రాయికి ఇటు నేను, అటు నా యారాలు లచ్చవ్వ. ఒక్కింటి కోడండ్లం. ఒక మాట నాది, ఒక మాట దానిది. పోయినేడు అది కాలం జేసింది. దాని వంతు వచ్చినప్పుడు నేను ఊకున్న. గదే కోసేసిండ్రు."

సిగ్గుతో తలెత్తలేకపోయాను. "తప్పు నాదే అవ్వా. ఇంకోసారి పాడుతవా?"

గడప మీంచి పక్కకు జరిగింది. "పాట గావాల్నంటే ఇసుర్రాయి పట్టు, రా."

జొన్నలు పోసింది. రికార్డర్ ఆన్ చేసి పక్కన పెట్టి, లచ్చవ్వ చోట కూర్చుని పిడి పట్టాను. రాజవ్వ ఒక మాట పాడి ఆగేది. ఆగినంతసేపూ రాయి తిరిగే చప్పుడే. మూడో చరణానికి, నా భుజం పక్కన ఎవరో ఊపిరి తీసుకుని పాడబోతున్నట్టు అనిపించింది. నాకు భయం వేయలేదు.

ఆ పిండితోనే రొట్టెలు చేసి పెట్టింది. "గీసారి కొయ్యకు" అని ఆటో ఎక్కించింది.

తిరుగు బస్సులోంచి రికార్డు పంపాను. గోదావరి మీద ఎండ వాలుతుండగా సరిత ఫోన్ చేసింది.

"మధ్య మధ్యల రాయి సప్పుడే ఉందక్కా. ఆడ ఏం రాయాలె?"

చూసుకుంటే నా వేళ్ల సందుల్లో ఇంకా పిండి ఉంది.

"లచ్చవ్వ వంతు అని రాస్కో సరితా. పాడినోళ్లు ఇద్దరు."