టోపీ ఏ ఇంట్లో ఉంది

మిరపకాయలు కళ్ళంలో ఉన్న రోజుల్లో మా ఊళ్ళోకి కొత్త మనిషి వస్తే ముందు అతని కాళ్ళు చూస్తాం. దళారి అయితే చెప్పుల మీద నాలుగు ఊళ్ళ ఎర్ర దుమ్ము ఉంటుంది. ఆ రోజు పొద్దున పది గంటలప్పుడు మోటారు సైకిలు దిగిన మనిషికి బూట్లున్నాయి, లోపల మేజోళ్ళున్నాయి, దుమ్ము లేదు. అప్పుడే నాకు తేడా కొట్టింది. నేను అరుగు మీద రంగు పోయిన తాలు కాయలు ఏరుతున్నాను. అతను ఘాటుకి నాలుగు తుమ్ములు తుమ్మి, రుమాలుతో ముక్కు తుడుచుకుని, "మీ ఇంట్లో పాత టోపీ ఒకటి ఉందట కదమ్మా. ఒకసారి చూడొచ్చా?" అన్నాడు.

"ఎవరు చెప్పారండీ?"

"దర్శిలో మీ చుట్టాలావిడ. పెళ్ళిలో మాటల్లో చెప్పారు. నేను అక్కడ హైస్కూల్లో మాస్టార్నండి. పాత మగవాళ్ళ టోపీలు పోగుచేస్తుంటాను. ముప్ఫైదాకా ఉన్నాయి."

"అన్ని టోపీలు ఏం చేసుకుంటారు?"

"చూసుకుంటానమ్మా."

ఆ జవాబు నాకు బొత్తిగా నచ్చలేదు. అమ్ముకుంటాను అని ఉంటే నమ్మేదాన్ని.

టోపీ ఉన్న మాట నిజమే. మా అత్తగారు నాకు మేనత్త కూడా. ఆమెకు తొంభై దగ్గర పడింది. మావయ్య నా ఏడో ఏట పోయాడు. ఆయనది ఇంట్లో ఒకే ఒక ఫోటో, నడవ గోడ మీద. కోటు తొడుక్కుని, తలకి టోపీ పెట్టుకుని, కుర్చీలో దొరలాగా కూర్చుని ఉంటాడు. ఆ టోపీ అత్త ఇనప్పెట్టెలో, కలరా ఉండల వాసనతో ఉండేది. ఏటా తద్దినం నాడు ఫోటో ముందు కొత్త పంచె పెట్టి, దాని మీద ఆ టోపీ పెట్టేవాళ్ళం. భోజనాలయ్యాక అత్తే దాన్ని మళ్ళీ పెట్టెలో దాచేది. ఇంకెవరినీ ముట్టుకోనిచ్చేది కాదు.

నేను లోపలికి వెళ్ళి పెట్టె తాళం అడిగితే అత్త మంచం మీద నుంచే అంది, "ఎవడే వాడు?"

"టోపీ చూడ్డానికి వచ్చాడట."

"టోపీ చూడ్డానికి ఎవడొస్తాడే. ముందు పొలం కాగితాలు ఎక్కడున్నాయో చూసుకో."

అయినా అతన్ని నడవలో కూర్చోబెట్టి టోపీ తెచ్చాను. అతనేం చేస్తాడో చూడాలని నాకూ ఉంది. అతను జేబులోంచి పల్చటి చేతితొడుగులు తీసి తొడుక్కున్నాడు. టోపీని తిరగేసి, సెల్‌ఫోను లైటు లోపలికి కొట్టి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. దొంగలు వాసన చూడరు కదా అనుకున్నాను. వెంటనే, ఏమో, చూస్తారేమో అని కూడా అనుకున్నాను.

"టోపీకి లోపలే చూడాలమ్మా," అన్నాడు. "నుదురు తగిలే చోట చుట్టూ ఒక పట్టీ ఉంటుంది. పాతదైతే అది తోలు. చెమటకి నల్లబడి ముడుచుకుపోతుంది. ఇది రెక్సిను. బయట రిబ్బను ముడి చూడండి, కుట్టలేదు, జిగురు పెట్టి అంటించారు. అదీగాక మీ ఫోటోలో టోపీ ఇది కాదు."

నాకు ఒళ్ళు మండింది. "ఎట్లా కాదంటారు?"

అతను బడిపిల్లలకు చెప్పినట్టే చెప్పాడు. టోపీల్లో రకాలుంటాయట. ఎండకి దొరలు పెట్టుకునే తెల్లటి గట్టి బుట్టలాంటిది సోలా టోపీ. మెత్తటి ఉన్నిది, ముందు అంచు కళ్ళ మీదికి వంగి ఉండేది ఫెడోరా. అంచు చుట్టూ రిబ్బను కుట్టి, దోనె అంచులాగా పైకి చుట్టుకుని ఉండేది హోంబర్గ్. ఇవన్నీ నాకు ఒక్కసారి వింటేనే పట్టుబడ్డాయి. నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్నే గానీ, కళ్ళతో చూసింది మర్చిపోను.

"మీ చేతిలోది ఫెడోరా. గోడ మీది ఫోటోలోది హోంబర్గ్," అని చూపించడానికి ఫోటో దగ్గరికి వెళ్ళాడు. వెళ్ళి అక్కడే నిలబడిపోయాడు. తర్వాత సంచిలోంచి అట్టల మధ్య దాచిన ఒక ఫోటో తీసి పక్కన పెట్టి పట్టుకున్నాడు.

"అదే టోపీ," అన్నాడు. ముందు అంచు మీద ఎలుక కొరికినట్టు చిన్న నొక్కు, ఎడమ పక్క అదే రిబ్బను ముడి. కుర్చీలో కూర్చున్న మనిషి ముఖం మాత్రం చెమ్మ తినేసింది. నుదుటి నుంచి గడ్డం దాకా తెల్లటి మచ్చే.

"ఎవరిదయ్యా అది?" అన్న మాట వెనక నుంచి వినబడింది. అత్త కర్ర పట్టుకుని ఎప్పుడు వచ్చి నిలబడిందో.

"మా తాతదండి."

"ఏ ఊరు?"

"దర్శేనండి. అంతకు ముందు ఏ ఊరో మాకు తెలియదు. పేట వైపు నుంచి వచ్చాడని మా నాయనమ్మ అనేది. ఇంకేమన్నా అడిగితే కోప్పడేది."

పేట అంటే చిలకలూరిపేట. మా ఊరు నుంచి బస్సులో ముప్పావుగంట. అత్త "మాస్టారికి మజ్జిగిచ్చి పంపెయ్యి," అని లోపలికి వెళ్ళిపోయింది. అతను తన ఫోటోని నా ఫోనులోకి పంపి, మాది తన ఫోనులో తీసుకుని, మజ్జిగ తాగి వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు అతని చెవులు చూశాను. మా ఆయన చెవుల్లాగే ఉన్నట్టు అనిపించింది. అనిపించాక ఇక అట్లాగే కనబడ్డాయి.

మధ్యాహ్నం అత్త అన్నం ముట్టలేదు. నన్ను పిలిచి ఫోటో దింపమంది. దింపి గోడకి ఆనించి పెడితే, ముఖం గోడవైపు తిప్పమంది. సాయంత్రం మా ఆయన పొలం నుంచి వచ్చి మేకు ఖాళీగా ఉండటం చూసి, "ఏంటమ్మా ఇది?" అన్నాడు.

"అయిదు రోజుల్లో మీ నాన్న తద్దినం. ఈ ఏడు దర్శి వాళ్ళని పెట్టుకోమను."

జరిగింది నేను చెప్పాను. మా ఆయన ఫోనులో ఆ ఫోటో పెద్దది చేసి, చిన్నది చేసి చూశాడు. "వాడు టోపీ కోసం రాలేదు, వాటా కోసం వచ్చాడు," అన్నాడు.

"వాటా సంగతి మీరు చూసుకోండి. నాకు ఆ మనిషి సంగతి తేలాలి," అంది అత్త. ఆ మనిషి అంటే మావయ్య. అంతకు ముందు ఎప్పుడూ ఆమె నోట ఆ మాట వినలేదు.

మర్నాడు పొద్దున నేను అత్త తల దువ్వుతుంటే నాకు ఒక్కదానికే చెప్పింది. మావయ్య ఎద్దులు కొనడానికి దర్శి వైపు వెళ్ళేవాడు. వెళితే మూడు నాలుగు రోజులకి గానీ వచ్చేవాడు కాదు. ఒకసారి వచ్చినప్పుడు, కాగితంలో చుట్టిన ఈ ఫోటో తెచ్చి మంచం మీద పడేశాడు. ఫోటో వచ్చింది గానీ టోపీ రాలేదు.

"పెట్టెలన్నీ వెతికానే. అటక మీద వెతికాను. గడ్డివామి కింద కూడా చెయ్యి పెట్టి చూశాను. మన ఇంట్లో లేని టోపీ ఇంకో ఇంట్లో ఉండాలి గదా."

"మావయ్యని అడగలేదా?"

"ఏమని అడగను? ఎదురుగా నిలబడి మాట్లాడే రోజులా అవి. అడిగితే అవునంటాడేమోనని కూడా భయం."

"మరి పెట్టెలో టోపీ?"

ఆమె నా చెయ్యి పక్కకి నెట్టింది. "నీ మూలాన్నే. మీ మావయ్య పోయిన ఏడు, మీ అమ్మ వాళ్ళతో వచ్చి అందరి మధ్యా అడిగావు, అత్తా, మావయ్య టోపీ ఏదీ అని. చుట్టాలంతా నా ముఖం చూశారు. తర్వాత పాత బట్టలకు స్టీలు సామాను ఇచ్చేవాడొస్తే వాడి మూటలో ఇది కనబడింది. చీరకి గ్లాసు ఇవ్వాల్సినవాడికి నేనే గ్లాసిచ్చి టోపీ తీసుకున్నాను. వాడు నన్నొక పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు."

నేను అడిగిన మాట నాకు బాగా గుర్తుంది. ఆకుపచ్చ పరికిణీ కట్టుకున్నాను ఆ రోజు. జవాబు చెప్పకుండా అత్త నా చేతిలో ఒక అరిసె పెట్టింది. ఆమె ఇన్నేళ్ళూ ఆ టోపీని దాచింది ప్రేమతో అనుకున్నాను. ఎవరైనా తిరగేసి చూస్తారని దాచింది.

ఫోటో చట్రం వెనక మేకులు ఊడదీశాను. అట్ట మీద ముద్ర ఉంది. ఊరు పేటే. స్టూడియో ఉన్న వీధి పేరు ఇంకా చదవడానికి వస్తోంది. ఆ పూటే బస్సెక్కాను. మా ఆయన వస్తానన్నాడు గానీ వద్దన్నాను. కోపంతో వెళితే ఎవరూ నిజం చెప్పరు.

స్టూడియో ఇప్పుడు జిరాక్సు షాపు. లోపల ఒక తెల్ల తెర, స్టూలు. డెబ్భై దాటిన ముస్లిం పెద్దాయన పాస్‌పోర్టు సైజు ఫోటోలు తీస్తున్నాడు. స్టూలు మీద మిల్లులో పనికి దరఖాస్తు పెట్టే కుర్రవాడట, పైన నల్ల కోటు, టై. కింద లుంగీ. ఫోటో అవగానే కోటు విప్పి, టై తీసి గోడ మేకుకి తగిలించి వెళ్ళిపోయాడు. నేను ఆ మేకు వైపే చూస్తూ నిలబడ్డాను.

"ఏం కావాలమ్మా?" అన్నాడు పెద్దాయన.

సంచిలోంచి మా ఫోటో తీసి ఇచ్చాను. చూడగానే నవ్వాడు. "మా నాన్న టోపీ. ఆయన ఒక్కరోజు కూడా పెట్టుకోలేదు, జనానికి పెట్టేవాడు. సంత రోజున రైతులంతా వచ్చేవాళ్ళు. తలగుడ్డ తీసి ఈ టోపీ పెట్టుకునేవాళ్ళు. కోటు మాదే. కుర్చీ మాదే."

"టోపీ ఆ మనుషులది కాదా?"

"ఈ ఎండల్లో ఇది ఎవడు కొంటాడమ్మా. మిరప చేలో పెట్టుకు తిరుగుతాడా?"

ఫోనులో మాస్టారి తాత ఫోటో చూపించాను. ఇద్దరూ ఒక్క మనిషేనా చెప్పమన్నాను. ఆయన అద్దాలు మార్చుకుని రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు.

"ముఖం పోయింది గానీ, ముఖం ఎందుకు. టోపీ ఒకటే, తలలు రెండు. చూడు, మీ ఆయన టోపీ చెవుల దాకా దిగి చెవుల్ని వంచింది. చిన్న తల. ఇట్లాంటి వాళ్ళకి లోపల పట్టీ వెనక పేపరు మడిచి పెట్టేవాళ్ళం, అయినా దిగేది. ఈ రెండో ఆయనకి దిగనే లేదు. నెత్తిన కూర్చోబెట్టారంతే. టోపీకీ చెవికీ మధ్య నాలుగు వేళ్ళు పడతాయి. పేపరు తీసేస్తే చిన్న తలకి ఇంకా కిందికి జారుతుంది గానీ పైకెట్లా లేస్తుంది?"

"మీ ఆయన కాదండీ, మా మావయ్య," అన్నాను.

ఇంటికొచ్చి అత్తకి ఇదంతా చెబితే ఆమె మొదట నమ్మలేదు. "నాకు అన్నం తినిపించడానికి కథ చెబుతున్నావు," అంది. ఫోటో ఆమె ఒళ్ళో పెట్టి, వేలు పట్టుకుని చెవుల మీద ఆనించాను. చూపు ఆనకపోయినా వేలితో తడిమి తడిమి చూసింది. గాజు మీద తడిమితే ఏం తెలుస్తుందో నాకు తెలియదు. కాసేపటికి తనంతట తానే మాట్లాడింది.

"పెళ్ళిలో బాసికం నిలవలేదే."

"ఎవరికి?"

"ఆయనకే. నుదుటికి కట్టిన బాసికం తలంబ్రాల వేళకి ముక్కు మీదికి జారింది. అందరూ నవ్వారు. మా అమ్మ లేచి వెనకాల దారం రెండు చుట్లు తిప్పి బిగించింది. పిల్లవాడి తల ఇంతేనా అని మా పిన్నులు ఏడిపించారు నన్ను." మళ్ళీ ఫోటో తడిమింది. "చిన్న తలే. మర్చేపోయాను."

ఆ రాత్రి మజ్జిగన్నం తింది. నేను మాస్టారికి ఫోను చేసి టోపీ స్టూడియోదని చెప్పాను. "అయితే మా తాతకి సొంత టోపీ లేదా అమ్మా," అన్నాడు. ముప్ఫై టోపీలు ఎందుకు పోగుచేశాడో అప్పుడు నాకు కాస్త అర్థమైంది. అయినా అతని చెవుల సంగతి పూర్తిగా మనసులోంచి పోలేదు.

తద్దినం నాడు మా ఆయన ఫోటో మళ్ళీ మేకుకి తగిలించాడు. కొత్త పంచె పెట్టాను. పెట్టెలో టోపీ తీయబోతే అత్త వద్దంది. "అది ఎవరి నెత్తిదో. కాకులకి కూడా చూపించొద్దు." భోజనాలయ్యాయి, బ్రాహ్మడు వెళ్ళిపోయాడు. అత్త ఫోటో కింద కుర్చీ వేయించుకుని కూర్చుంది.

"టోపీ వాళ్ళదేనన్నాడు గదా," అంది.

"వాళ్ళదే."

"కోటూ?"

"కోటు కూడా."

"ఆ చేతి గడియారం?"

చూశాను. మావయ్య ఎడమ మణికట్టు మీద, కోటు చేతి కింద నుంచి సగం కనబడుతోంది. ఇన్నేళ్ళలో నేనెప్పుడూ పట్టించుకోలేదు. ఇంట్లో గడియారం ఉన్నట్టు గుర్తు లేదు.

"అది కూడా వాళ్ళదే అత్తా. అడిగాను."

ఆమె ఫోటో మీద నుంచి చూపు తీసి నా వైపు తిప్పింది.

"ఎప్పుడడిగావు?" అంది.