పోయిన తోడు దొరికింది

చిన్నమ్మ పోయిందని మా ఊరు గుడియాత్తం నుంచి తంతి వచ్చింది. చిత్తూరులో నాతో ఒకే గదిలో ఉండే టీచరమ్మకు ఆ మాటే చెప్పాను. ఆమె బియ్యం ఏరుతూ తలెత్తకుండానే, "ఈసారి యాడికి?" అంది. ఆమె తప్పేం లేదు. ఏటా ఎండాకాలం సెలవుల్లో నేను అదే మాట చెప్పేదాన్ని. నేను తంతి కాగితం చూపించేసరికి చేట పక్కనపెట్టి లేచి వచ్చింది.

చిన్నమ్మంటే మా చిన్నాయన భార్య. వేలూరులో ఆడపిల్లల బడిలో కుట్టుపని నేర్పేది. అక్కడే హాస్టల్లో ఉండి, ఆదివారాలు గుడియాత్తం వచ్చేది. వచ్చినా కుదురుండేది కాదు. అన్నం తింటూనే వాకిట్లోకి చూసేది. "కాలికి బలపం కట్టుకొని తిరుగుతాండావే!" అని మా నాయన విసుక్కునేవాడు. చిన్నాయన యుద్ధానికి ముందు రంగూన్‌లో బియ్యం మిల్లు పనికి వెళ్ళాడు. యుద్ధం వచ్చాక అక్కడివాళ్ళు నానా తిప్పలు పడి తిరిగొచ్చారు. ఆయన రాలేదు, కబురూ రాలేదు. మా అవ్వ మాత్రం కోడలి నుదుట బొట్టు చెరపనివ్వలేదు. తన చెవుల కమ్మలు తీసి ఆమెకే పెట్టింది.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన రెండో ఏడో మూడో ఏడో, బడి టీచర్లంతా కలిసి కన్యాకుమారి పోదామనుకున్నారు. తీరా బయలుదేరే రోజుకు ఒక్కొక్కరే తప్పుకున్నారు. చిన్నమ్మ ఒక్కతే రైలెక్కేసింది. అయ్యో, ఆ రోజుల్లో! టికెట్లు చూసేవాడు "తోడెవరమ్మా?" అని తమిళంలో అడిగితే, "బండి నిండా ఉండారు గదప్పా" అందట.

కొచ్చిన్ దాటాక పడవ. ఆకాశానికి చిల్లిపడ్డట్టు వాన. ఆ పడవలో కలిసినవాళ్ళ గురించి ఎన్నిసార్లు చెప్పిందో! ప్రసవాలు చేసే ఒక మలయాళీ ఆమె, గొడుగులు బాగుచేసే ముసలాయన, కూతుర్ని చూడబోతున్న కన్నడ పూజారి. ఒకరి భాష ఒకరికి రాదు. ముసలాయన బాగుచేయాల్సిన గొడుగులన్నీ విప్పి అందరి మీదా పట్టాడట. "మీ ఊరు ఏ రాష్ట్రం?" అని పూజారి వచ్చీరాని అరవంలో అడిగితే, "ఇంకా తేల్లేదు స్వామీ" అందట చిన్నమ్మ. అప్పట్లో మా ఊళ్ళో టీ అంగడి కాడ రోజూ అదే రచ్చ, మనం ఆంధ్రలోకా, అరవంలోకా అని. "గీత యాడ గీసినా రైలు నిలబడదు గదా" అనేది.

ఆ పడవలోనే ఆమె చెవి కమ్మ ఒకటి జారిపోయింది. అవ్వ పెట్టిన కమ్మ! రెండు రోజులు ప్రాణం అరచేతిలో పెట్టుకుందట. చివరికి మలయాళీ ఆమె పడవ పలకల సందులో చెయ్యి పెట్టి తీసిచ్చింది. ఆ సంతోషంలో ఇంటికి కార్డు రాసింది. మాకెవరికీ తెలుగు అక్షరాలు రావు. మాట తెలుగు, రాత అరవం. నాయన కార్డు పైకి చదివాడు: "పోయిన తోడు దొరికింది. అత్తకు చెప్పండి."

మా ఇంట్లో చెవులకు పెట్టుకునేవి కమ్మలు. హాస్టల్లో అరవ పిల్లలతో ఉండి ఉండి, చిన్నమ్మ నోటికి మాత్రం కమ్మకు వాళ్ళనే మాట 'తోడు' పట్టుకుంది. ఆ సంగతి మాకేం తెలుసు? తోడంటే మాకు తోడే. అవ్వ ఆ కార్డును కొంగున కట్టుకుంది. చిన్నాయన మంచానికి కొత్త నులక అల్లించింది. మగ్గం మీంచి అప్పుడే దించిన లుంగీలు రెండు కొనింది. వీధంతా చెప్పింది.

తొమ్మిదో రోజు చిన్నమ్మ జట్కా దిగింది. అవ్వ ఆమెను దాటుకొని పోయి జట్కాలోకి తొంగి చూసింది.

"వాడేడమ్మా?"

"ఎవరత్తా?"

కార్డు సంగతి తెలిశాక చిన్నమ్మ చెవులు రెండూ మూసుకొని నేల మీద కూలబడిపోయింది. అవ్వ ఆ పూట అన్నం ముట్టలేదు. "ఇంక నీ తిరుగుళ్ళు చాలు" అన్నాడు నాయన. ఏడాదంతా అదే మాట మీద ఉన్నాడు. చిన్నమ్మ ఎదురు చెప్పలేదు గానీ, మనిషి ఎండిపోయింది. మళ్ళీ సెలవులొచ్చేసరికి అవ్వే నోరు విప్పింది. "పోనీ దాన్ని. నా కొడుకును ఎతికి రానీ."

అప్పటినుంచి ఏటా వెళ్ళింది. కుర్తాళం, మంగుళూరు, ధనుష్కోడి. తిరిగొచ్చినప్పుడల్లా అవ్వ "దొరికినాడా?" అనేది. చిన్నమ్మ తల వంచుకొని "లేదత్తా" అనేది. ఒకసారి వేలూరు పక్కన బాగాయంలో నడుస్తుంటే నాతో అంది: "నేను ఒక్క ఊళ్ళోనూ ఎతకలేదే. కొత్త మనుషులు కనిపిస్తే ఆయన సంగతే మర్చిపోతాను. ఆ ముసలామెను మోసం చేస్తాండా." ఆ బాధ ఆమెను చివరిదాకా వదల్లేదు. ఈ ఏడు జ్వరంతో తిరిగొచ్చి, పది రోజులకే పోయింది.

ఆ మాట నన్నూ నిలవనివ్వలేదు. కర్మలు ముగిసిన మరునాడు వాకిట్లో అరుగు మీద అవ్వ ఒక్కతే ఉంటే, వెళ్ళి చెప్పేశాను. "అవ్వా, చిన్నమ్మ చిన్నాయన్ను ఎప్పుడూ ఎతకలేదు."

అవ్వ నా వైపు తిరగలేదు. "నాకు తెలీదా? వాడు రాడని ఎప్పుడో తెలుసు. దాని చిన్న వయసు ఈ నాలుగు గోడల మధ్య మురిగిపోతాండాదని ఆ సాకు పెట్టినా. లేకుంటే మీ నాయన పోనిచ్చేవాడా?"

"మరి ఏటా దొరికినాడా అని ఎందుకడిగితివి?"

"అడక్కపోతే మీ నాయనకు అనుమానం రాదా?" అంది. "దానికైనా చెవిలో చెప్పాల్సింది. తల వంచుకొంటాంటే చూస్తానే ఉంటిని గదే, పాపిష్టిదాన్ని."

నాకు ఏడుపాగలేదు. ఒక్క మాట. ఇద్దరిలో ఎవరన్నా ఒక్క మాట అనుకొని ఉంటే!

"ఆ పడవలో అది యాడ కూచునేది?" అంది అవ్వ.

"కొసన అంట అవ్వా. కాళ్ళు నీళ్ళల్లో వేసుకొని."

గోడకు ఆనుకొని ఉన్న అవ్వ మెల్లగా అరుగు అంచుకు జరిగింది. చీర కుచ్చెళ్ళు కాస్త పైకి తీసుకొని, కాళ్ళు రెండూ వీధిలోకి వేలాడేసింది. నడిచి నడిచి కాయలు కాచిన పాదాలు కావవి, ఇల్లు దాటని పాదాలు. వాటిని గాలిలో మెల్లగా ముందుకూ వెనక్కూ ఊపుతూ కూర్చుంది.